ఏటితో అలిగిన ఇల్లు

"నాలుగింటికి అతన్ని కోర్టుకి తీసుకెళ్తున్నాం మేడమ్. అప్పటిదాకా మీకు సరదాగా ఉంటే బొమ్మలాట ఆడుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, షెడ్డు తాళంచెవి ఆవిడ చేతిలో పడేస్తూ.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు గానీ, చాటున పేరు చిటపట. పోలీసుల వేలిముద్రల విభాగంలో చాలాకాలం పనిచేసి, ఎవరో పెద్దమనిషి వేలిముద్ర మాయం చెయ్యమన్న పై అధికారి చొక్కా మీద సిరా పళ్ళెం బోర్లించి, ఆ సాయంత్రమే బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఈ ఇన్‌స్పెక్టర్ ఆవిడ దగ్గరే వేలికి సిరా పూయడం నేర్చుకున్నాడు. పాపం, నేర్చుకున్నది అంతవరకే.

"ఆట నువ్వాడుతున్నావురా అబ్బాయ్. దొరికినవాణ్ణి పట్టుకొచ్చి దొంగ అన్నావు. దేంతో కొట్టాడంటావు?"

"లారీ జాకీ రాడ్డుతో."

"రాడ్డు మీద రక్తం ఉందా?"

"కడిగేశాడు."

"మరి వాళ్ళ వదినతో వాడికేం పగ?"

"మొన్న మధ్యాహ్నం వీధి వీధంతా విన్నది. 'లోకాలన్నీ నీకే కావాలి, నా లారీకి మూడు గజాల చోటు లేదు, నీ ఊళ్ళన్నీ తగలెడతా' అని అరిచాడు. సాయంత్రానికి ఆవిడ ఈ షెడ్డులో తల పగిలి పడుంది. నిప్పు లేందే పొగ వస్తుందా?"

"అరిచేవాడు అరుస్తాడు. అరిచినవాళ్ళందరూ హంతకులైతే నన్ను ఎప్పుడో ఉరి తీసేవారు."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడంలో కూడా ఒక వెటకారం ఉంది. "అదంతా పాత సంగతి మేడమ్. నిన్న మధ్యాహ్నం అతనే ఒప్పుకున్నాడు."

ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషి చప్పున తలుపు పట్టుకుంది. ఆవిడ ఆ ఇంటి చిన్నకోడలు. లాకప్పులో ఉన్న లారీ డ్రైవరు భార్య. నిన్న పొద్దున్నే డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "మా ఆయన చంపలేదు, అక్క కాలు జారి పడిపోయిందని రుజువు చెయ్యండి చాలు," అని బతిమాలింది ఈవిడే.

"ఎన్ని దెబ్బలకి ఒప్పుకున్నాడు?" అంది చిటపట.

"ఒట్టు, ఒక్క దెబ్బ పడలేదు. మాకే విచిత్రంగా ఉంది. పొద్దున్నించీ 'నేను కాదు మొర్రో' అని స్టేషను పైకప్పు లేపినవాడు, ఈవిడ తెచ్చిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, 'నేనే చంపాను, రాసుకోండి' అన్నాడు. అదీ చల్లారిపోయిన అన్నం. వంతెన దాటితే వచ్చేస్తుంది కదా స్టేషను, ఈవిడ రైల్వే గేటు దాకా చుట్టు తిరిగి వచ్చింది. మా కానిస్టేబుల్ అడిగాడు కూడా, దారి తెలీదా అమ్మా అని."

చిన్నకోడలి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఆయనెందుకు ఒప్పుకుంటాడు? ఆయనకేం తెలుసని ఒప్పుకుంటాడు?" అంది. గోళ్ళు గిల్లుకుంటోంది. నిన్న ఆఫీసులో కూడా మాట్లాడినంతసేపూ గిల్లుకుంటూనే ఉంది. చిటపటకి గోళ్ళు గిల్లుకునేవాళ్ళంటే చిరాకు. ఆ చిరాకుతోనే మొహం తిప్పేసుకుని షెడ్డు తలుపు తీసింది.

లోపల గోడ నుంచి గోడ దాకా ఒకటే బల్ల. బల్ల మీద ఒక లోకం. ఆ లోకం భూమ్మీద ఎక్కడా లేదు. చనిపోయిన పెద్దకోడలు, ఊరంతా పెద్దక్క అని పిలిచే మనిషి, దాన్ని తన బుర్రలోంచి తీసింది. ఆ ఊళ్ళ కథలు ఆవిడ చెబుతుంటే పిల్లలు బడి ఎగ్గొట్టి, పెద్దలు పని ఎగ్గొట్టి వినేవాళ్ళు. వచ్చే వారం ఈ బల్లని ప్రదర్శనకి పెట్టాలి.

ఉత్తరాన పొగకొండ. అక్కడ దీపాలు పెట్టాక ఎవరినీ పేరుతో పిలవరు. కొండ వింటే ఆ పేరు తను తీసేసుకుంటుందని భయం. దాని కింద గంటలదిబ్బ. అక్కడ ఇంటింటికీ ఓ గంట. ఒక ఇంట్లో అబద్ధమాడితే పొరుగింటి గంట మోగుతుంది, అందుకని ఆ ఊళ్ళో ఎవరికీ నిద్ర ఉండదు. రెండింటి మధ్యనుంచి మెలికలు తిరుగుతూ ఆకలేరు. ఏటి ఒడ్డున, బల్ల మూల మీదికి, ఏటిగడప. అగ్గిపెట్టెంత ఇళ్ళు, వేలిగోరంత ఎర్ర పెంకులు.

"మీ స్టేషనుకి కూడా ఆ గంటలు పెట్టించుకోవాల్సింది. ఊరికి కునుకుండేది కాదు," అంది చిటపట, నేల మీద సుద్దగీత దగ్గర వంగి. పెద్దక్క పడింది సరిగ్గా ఏటిగడప ముందే. బల్ల మూలకి ఇనుప పట్టీ బిగించి ఉంది. వేలితో రాసి చూసింది. పట్టీ అంతా దుమ్ము, మూల ఒక్కటీ శుభ్రం. తుడిచినంత శుభ్రం.

"ఫోటోలియ్యి."

ఇన్‌స్పెక్టర్ ఇచ్చాడు. ఆవిడ భూతద్దం పెట్టి ఒక ఫోటో మీద ఆగింది. "ఇది చూశావా? జుట్టుముడిలో ఎర్రగా ఏమిటివి?"

"రక్తం."

"రక్తం నలుచదరంగా గడ్డ కడుతుందా? పెంకులు. ఏటిగడప పెంకులు. ఈవిడ వెనక్కి పడింది. తల మూలకి తగిలింది, జుట్టు ఈ ఇళ్ళ మీదుగా రాసుకుపోయింది. ఇళ్ళు విరిగాయి. అవునా? అయితే విరిగిన ఇళ్ళేవి?"

ఇన్‌స్పెక్టర్ బల్ల వైపు చూశాడు. ఏటిగడపలో అన్ని ఇళ్ళూ నిక్షేపంలా నిలబడి ఉన్నాయి.

"మనిషి చచ్చి పడుంటే, పక్కన నిలబడి ఈ పెంకులు ఒక్కొక్కటీ అతికించారురా ఎవరో. లారీ జాకీ తిప్పే చేతులకి ఈ పెంకు దొరుకుతుందా? తీసి చూపించు నువ్వే."

ఇన్‌స్పెక్టర్ ఒక పెంకు పట్టుకోబోయాడు. అది వేళ్ళ సందులోంచి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి ప్రయత్నించకుండా చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

చిటపట మేస్త్రిని పిలిపించింది. ఆ ఇళ్ళన్నీ చేసినవాడు ఆయనే. మొన్న మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా ప్రదర్శన హాల్లో పదిమంది మధ్య మెట్లు బిగిస్తూ ఉన్నాడు, తిరిగొచ్చి శవాన్ని మొదట చూసిందీ ఆయనే. పీలగా, పొట్టిగా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా మాట్లాడతాడు.

"చూసి చెప్పండి. ఇందులో మీ చెయ్యి కానిదేది?"

మేస్త్రి వంగి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. "ఈ వరస నాలుగిళ్ళూ మళ్ళీ అతికించినవే. జిగురు మాత్రం మాదే. నేను కాచేదే. నీళ్ళకి పోదు, వారందాకా చర్మాన్ని వదలదు."

"విరగ్గొట్టినవాడు పారిపోకుండా అతికిస్తూ కూర్చుంటాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడ పనిచేసినవాళ్ళయితే కూర్చుంటారు సార్. పెద్దక్క పెట్టిన పద్ధతి. ఎవరు విరగ్గొడితే వాళ్ళే అతికించి గడప దాటాలి. విరిగిన ఇంటిని వదిలేసి పోతే ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడ పడుకుంటారు అనేది. మేం నవ్వేవాళ్ళం. కానీ పాటించేవాళ్ళం." అని, చివరి ఇంటి దగ్గర ఆగిపోయాడు. "ఇదేంటి? ఇది తప్పు."

"ఏం తప్పు?"

"తలుపు. ఏటిగడపలో ప్రతి తలుపూ ఏటివైపే చూడాలి. ఏరు వాళ్ళకి ఆడపడుచు. పుట్టింటికి ఎప్పుడైనా వస్తుంది, వచ్చినప్పుడు తలుపు తీసుంటే గోడ పగలగొట్టదు అని నమ్మకం. పిల్లలక్కూడా తెలుసు ఈ సంగతి. ఈ ఇంటికి వీపు ఏటివైపు పెట్టారు."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "విన్నారా మేడమ్? ఈ లోకం సంగతి తెలియనివాడు అతికించాడు. అంటే ఎవరు? వదిన కథ ఒక్కటీ ఏనాడూ విననివాడు, లారీ డ్రైవరు. కష్టపడి నా కేసు మీరే గట్టి చేశారు. చాలా థ్యాంక్స్."

గుమ్మం దగ్గర చిన్నకోడలు చిన్నగా మూలిగింది. వాడి చప్పట్లు చిటపట చెవుల్లో మోగుతున్నాయి. వాడి చెంప కూడా అలాగే మోగిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించి, ఆ ఆలోచనని బలవంతాన పక్కన పెట్టి, మళ్ళీ వంగింది.

"నాలుగిళ్ళు అతికించారు. మూడు తలుపులు సరిగ్గా ఉన్నాయి. తెలియనివాడైతే నాలుగూ ఇష్టమొచ్చినట్టు పెడతాడు. మూడు సరిగ్గా పెట్టిన చేతికి నాలుగోది ఎటు పెట్టాలో తెలీదా? ఇది పొరపాటు కాదు. కావాలని తిప్పారు." మేస్త్రి వైపు తిరిగింది. "మీరు కాక ఈ పెంకులు అతికించగల మనిషి ఎవరు?"

"ఇప్పుడెవరూ లేరండి."

"ఇప్పుడు లేరు. ఇదివరకు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. "పైకప్పులకి నాకన్నా మంచి చెయ్యి ఒకటుండేది. మానేసి చాలాకాలమైంది. ఆ కష్టం తవ్వడమెందుకు లెండి."

"ఎవరని అడుగుతున్నాను."

"నన్నడక్కండి. పైన పెద్దావిణ్ణి అడగండి." అంతే. ఆ తర్వాత ఆయన నోటికి గడియ పడిపోయింది. చిటపట ఎంత గద్దించినా లాభం లేకపోయింది.

మేడ మీద గదిలో అత్తగారు మంచం దిగలేని మనిషి. పెద్దకొడుకు పోయి ఏళ్ళయింది, పెద్దకోడలు మొన్న పోయింది, ఉన్న ఒక్క కొడుకూ లాకప్పులో ఉన్నాడు. చిటపట లోపలికి రాగానే ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఇంకా ఏం కావాలి? ఇంట్లో మనుషులైపోయారు. నన్ను కూడా తీసుకుపోతారా?"

"మీ అబ్బాయిని తీసుకొస్తానమ్మా. ఒక్క మాట చెప్పండి. ఏటిగడపలో తలుపు తిప్పేసిన ఇల్లు ఒకటుందా?"

పెద్దావిడ మెల్లిగా ఇటు తిరిగింది. "ఆ కథ నీకెవరు చెప్పారు? అది మొన్న సాయంత్రమే పుట్టింది. మా పెద్దకోడలు ఏ కథైనా ముందు నాకే చెప్పేది. ఇక్కడే కూర్చుని చెప్పింది."

"నాకూ చెప్పండి."

"ఏరు ఒక పిల్లాణ్ణి తీసుకుపోయింది. ఆ తల్లి ఏటితో అలిగింది. ఆడపడుచువైతే నా బిడ్డని తింటావా అని, తన ఇంటి తలుపు పీకి వెనక్కి పెట్టించుకుంది. ఊరంతా ఏటితో అలుగుతావా పిచ్చిదానా అన్నారు. ఆవిడ ఎవరి మాటా వినలేదు."

"తర్వాత?"

"తర్వాత ముసలిదైంది. ఒకరోజు ఏటి దగ్గరికి తనే వెళ్ళి, దోసెడు నీళ్ళు తాగి, పోనీలే అనుకుని తలుపు మళ్ళీ తిప్పేసుకుంది. బావుందా అత్తయ్యా అని అడిగింది. బావుందే అన్నాను." పెద్దావిడ నెత్తి కొట్టుకుంది. "నా నోరు పడిపోను, బావుందన్నాను. చిన్నది పక్కనే ఉందన్న సంగతే మర్చిపోయాను."

"చిన్నకోడలా?"

"అదే. నా కాళ్ళకి మందు రాస్తోంది. కథ అవగానే పెద్దది ఏటిగడపలో ఆ ఇల్లు సర్దడానికి కింద షెడ్డుకి పోయింది. వెనకే ఇదీ లేచి పోయింది, మందు చేతులు కూడా కడుక్కోకుండా." ఆవిడ కళ్ళు మూసుకుంది. "దీని కొడుకు, నా మనవడు, బతికుంటే ఈపాటికి మీసాలొచ్చేవి. ఏట్లో పడి, స్టేషను దారిలో ఆ వంతెన కిందే దొరికాడు. ఇంక నన్నేమీ అడక్కు తల్లీ. నా కొడుకుని తీసుకురా."

చిటపట మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా కోపంతో మండిపోయింది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. నిన్నటి నుంచీ కళ్ళెదుట గోళ్ళు గిల్లుకుంటూ ఉన్న మనిషిని చూసి చిరాకుపడిందే తప్ప, ఎందుకు గిల్లుకుంటోందని చూడలేదు. అక్క కాలు జారిందని రుజువు చెయ్యమంది గానీ, అక్కని ఎవరు చంపారని ఒక్కసారి కూడా అడగలేదు ఆ మనిషి. వేలిముద్రలు చదివిన కళ్ళకి వేళ్ళు కనపడలేదు.

షెడ్డులో ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. మేస్త్రి మూల నిలబడ్డాడు. చిన్నకోడలు బల్ల దగ్గరికి వచ్చి నిలుచుంది, ఏటిగడపకి కాస్త ఎడంగా.

"ఏమైనా తేలిందా మేడమ్? బండి సిద్ధంగా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నువ్వన్నదే నిజమేమో. పొరపాటే అయ్యుంటుంది," అంది చిటపట. ఆవిడ నోటివెంట ఆ మాట విని ఇన్‌స్పెక్టర్ కంగారుపడ్డాడు. "మేస్త్రీ, ఎలాగూ ప్రదర్శనకి పోవాల్సిన బల్ల. ఆ ఇంటిని తీసి తలుపు ఏటివైపుకి తిప్పి అంటించండి."

మేస్త్రి కత్తి తీసుకుని వంగాడు. కత్తి మొన ఆ చిన్న ఇంటి కిందకి దూరుతుండగా ఒక చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. కత్తి కింద పడింది.

"తిప్పొద్దు," అంది చిన్నకోడలు.

ఆవిడ గొంతు పెద్దది కాలేదు. కానీ అంతవరకూ బతిమాలుతూ వినిపించిన గొంతు అది కాదు.

"ఆ తలుపు మళ్ళీ ఏటివైపుకి పెట్టడానికి వీల్లేదు. అక్కకీ అదే చెప్పాను. నా బాబుని కథలో పెట్టావు, పెట్టుకో. నా ఏడుపు పెట్టుకున్నావు, అదీ పెట్టుకో. ఒక్క మాట అడిగావా నన్ను అన్నాను. చివరికి ఆ తల్లి పోనీలే అందట. ఎవరంది? నేనన్నానా? ఈ రోజుకీ ఆ వంతెన ఎక్కలేను నేను. నా తరఫున ఆ ఏటిని క్షమించడానికి నువ్వెవరివి అని అడిగాను."

"ఆవిడేమంది?" అంది చిటపట.

"'కథే కదే, అలా ముగిస్తేనే అందంగా ఉంటుంది' అంది. నవ్వుతూ అంది. తోశాను." తన చేతులకేసి చూసుకుంది. "ఒక్కసారే తోశాను. లేవలేదు. పిలిచాను, లేవలేదు. ఇళ్ళు నాలుగు విరిగిపోయి ఉన్నాయి. విరగ్గొట్టినవాళ్ళు అతికించి పోవాలి కదా. ఏళ్ళతరబడి అలవాటైన చేతులు, నేను చెప్పకుండానే జిగురు తీశాయి. మూడు అతికించాను. నాలుగోదానికొచ్చేసరికి తలుపు అటు పెట్టబుద్ధి కాలేదు."

"మరి... అతను ఒప్పుకున్నాడు కదా. సంతకం కూడా పెట్టాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చిటపట వాడి వైపు చూడనైనా చూడలేదు. చిన్నకోడలి మీదికి ఒక అడుగు వేసింది. "మొగుడు లాకప్పులో కుళ్ళుతుంటే, నన్ను పెట్టుకుని, కాలుజారి పడిందని చెప్పించి, తప్పించుకుందామనుకున్నారు. కళ్ళకి గంతలు కట్టడానికి నేనే దొరికానా?"

"తప్పించుకుందామని కాదు. ఆయన బయటికొస్తే చాలనుకున్నాను. ఆయనకేమీ తెలీదు." ఆవిడ తల ఎత్తింది. "అదే అర్థం కావట్లేదు. ఏమీ తెలియనివాడు నేనే చంపానని ఎందుకన్నాడు?"

చిటపట ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. గోళ్ళ చుట్టూ, ఎంత గిల్లినా పోకుండా, ఎండిన జిగురు పొలుసుల్లా అంటుకుని ఉంది.

"మీరు ఈ పని ఎప్పుడు మానేశారు?"

"బాబు పోయిన రోజు."

"ఆ రోజు నుంచీ మీ చేతులకి జిగురు అంటలేదు. నిన్న అన్నం వడ్డించిన చేతులు ఇవే కదా? ఆయన చూసింది అన్నం కాదమ్మా. ఈ వేళ్ళు."

చిన్నకోడలు కాసేపు ఆ వేళ్ళనే చూసుకుంది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చప్పుడు రాలేదు గానీ భుజాలు రెండూ ఎగిరెగిరి పడ్డాయి. మేస్త్రి కింద పడ్డ కత్తి తీసి సొరుగులో పెట్టేసి, ఆ చిన్న ఇంటిని ముట్టుకోకుండా వెనక్కి తగ్గాడు.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. ఈసారి ఆ చూపులో వెటకారం లేదు. "మేడమ్, మూడున్నర దాటింది. నేను స్టేషనుకి ఫోన్ చేసినా, కాగితాలన్నీ కోర్టుకి వెళ్ళిపోయాయి. జడ్జి ముందు ఆయన మళ్ళీ నేనే అంటే ఇంక ఎవరూ వినరు. ఈవిడ వెళ్ళి ఎదురుగా నిలబడితే తప్ప ఆయన మాట మార్చడు. కోర్టు కూడా వంతెన అవతలే. రైల్వే గేటు చుట్టూ తిరిగి వెళ్తే అందదు."

షెడ్డు బయట బండి ఇంజను ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చిన్నకోడలు కొంగుతో ముఖం తుడుచుకుంది. గుమ్మం దాటి, బండి వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. చిటపట ఆవిడ పక్కన కూర్చుని తలుపు వేసింది.

"వంతెన మీదుగా పోనివ్వండి," అంది చిన్నకోడలు డ్రైవరుతో. చిటపట చేతిని వెతికి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. "దాటాక చెప్పండి."